వంకకొక రుచి

బెంగళూరులో ఉద్యోగములు చేయుచున్న మన పిల్లలు పండుగలకు ఇల్లు చేరినప్పుడు ఈ నడుమ ఒక క్రొత్త మాట తెచ్చుచున్నారు. అది 'క్రాఫ్ట్ బీరు' అను మాట. పెద్ద కర్మాగారములలో గాక అంగడిలోనే, త్రాగువాని కన్నుల యెదుటనే, చిన్న తొట్లలో పులియబెట్టి అప్పటికప్పుడు పోయు బీరునకు ఆ పేరట. ఒక్కొక్క అంగడిది ఒక్కొక్క రుచియట. ఒకచోటి సరకు మరియొకచోట దొరకదట. ఈ వారమున్నది పై వారము ఉండునను నమ్మకము లేదట. తాజాగా త్రాగిననే దాని గుణము తెలియునట. ఈ 'అట'లన్నియు విని మన ముసలివారు గడ్డము నిమురుకొని నవ్వుచున్నారు. బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురము తాలూకాలలో అరువదియేండ్లు దాటిన ఏ పెద్దమనిషినైనను అడుగుడు. ఈ లక్షణములన్నియు గల పానీయమును తాను ఎరుగుదుననియే చెప్పును. దాని పేరు రెండక్షరములది, కల్లు.

ఈతచెట్టు క్రింద పాలు త్రాగినను కల్లే యందురు. భాషాసంఘము వారి పత్రికలో కల్లు ప్రసంగమేలయని కొందరు సభ్యులు, ముఖ్యముగా సోదరీమణులు, కనుబొమలు ముడివేయుదురని మేమెరుగుదుము. త్రాగుడును పొగడుట మా పని కాదు. కన్నడమున జి. పి. రాజరత్నముగారు త్రాగుబోతు రత్నుని నోట పలికించిన పదములు నేటికిని ఇంటింట వినబడుచున్నవి. వ్రాసినవారు మాత్రము మద్యము ముట్టనివారని ప్రతీతి. మాకును అంతమాత్రపు స్వాతంత్ర్యమును చదువరులు ఒసగుదురుగాక. మేము చెప్పదలచినది న్యాయమును గూర్చియు, మాటలను గూర్చియు.

ముందుగా బీరు సంగతి. కర్ణాటక ప్రభుత్వము చిన్న బీరుశాలలకు అనుమతినిచ్చు నిబంధనలు చేసిన పిమ్మట 2011లో బెంగళూరున మొదటి శాల తెరువబడినది. నేడవి పదుల సంఖ్యలో ఉన్నవి. వానిని స్థానికములని చెప్పుకొనుచున్నారు. కాని అందలి బార్లీ ఉత్తరదేశపు పంట. చేదునిచ్చు హాప్ పువ్వులు చాలవరకు సముద్రము దాటి వచ్చునవి. నీరు కావేరినుండి ఎక్కించినది. ఊరిది అనదగినది తొట్టియు, కాచువాని చేతి నేర్పును మాత్రమే. ఆ నేర్పును మేము చిన్నచూపు చూచుటలేదు. అయినను ఈతకల్లుతో పోల్చి చూడుడు. దానికి కావలసినది ఒక చెట్టు, ఒక కత్తి, ఒక కుండ, ఒక మనిషి. నాలుగును అదే పల్లెలోనివి. పులియుటకు వేయవలసిన మడ్డి సైతము లేదు. గాలిలోను కుండలోను ఉండు సూక్ష్మజీవులే ఆ పని చేయును.

మన సీమకు ఈతచెట్టును నాటినవారు లేరు. నందికొండల నుండి పుట్టి దిగిన చిత్రావతి, పాపఘ్ని, ఉత్తరపినాకినులును, వానిలో కలియు వంకలును దానిని పెంచినవి. చెరువుకట్టల వెనుకను, వంక మలుపులలోను, దున్నుటకు పనికిరాని చౌటినేలలలోను అది దానంతట అది మొలచి గుంపుకట్టినది. మైసూరు సంస్థానపు దినములలో అబ్కారి శాఖవారు ఈ వనములను లెక్కించి, పాటలు పెట్టి, పన్ను వసూలు చేసిరి. చెట్టు ఊరిది, గీత ఈడిగవారిది, రాబడి దొరతనమువారిది.

ఈతను గీయుట తాటిని గీయుట వంటిది కాదు. తాటికిని కొబ్బరికిని పూగెలను కోసి కుండ కట్టుదురు. ఈతకు మొవ్వు క్రిందనున్న మట్టలను కొట్టివేసి, మెత్తని మానునే పలుచగా చెక్కి, అందుండి ఊరు రసమును కుండలోనికి దింపుదురు. కత్తి మొవ్వునకు తగిలిన చెట్టు చచ్చును; పైపైన చెక్కిన చుక్క రాదు. ఈ రెంటి నడుమ నుండు సందు వ్రేలి మందమే. సాయంకాలము చెక్కి కుండ కట్టి, తెల్లవారకముందే దింపుదురు. కొన్నాళ్లు గీసి కొన్నాళ్లు ఆ గాటును ఆరనిత్తురు. ఒక యేడు ఒకవైపు చెక్కినచో మరుసటి యేడు దాని యెదుటివైపున, మరికొంత పైన చెక్కుదురు. అందుచేత గీసిన ఈతమాను నిటారుగా నుండక పాము ప్రాకినట్లు వంకరలు తిరిగియుండును. ఆ గాట్లను లెక్కించిన ఆ చెట్టు ఎన్నియేండ్లు అన్నము పెట్టినదో తెలియును.

దింపిన వెంటనే ఉండు రసము తేనెవంటిది. అందు నూటికి 10 నుండి 14 పాళ్లు చక్కెర. కుండలోపల సున్నము పూసి కట్టినచో పులియదు, అదియే నీరా. సున్నము లేనిచో కుండలోనే పులుపు ఆరంభమగును. ప్రొద్దుటికి చిరుతీపి, నడిప్రొద్దునకు నురుగు, సాయంకాలమునకు ఘాటు, మరునాటికి వినెగరు. ఒక్క దినములో ఒక్క కుండయే నాలుగు పానీయములగును. మంచి కల్లునకు నూటికి 4 నుండి 6 పాళ్లు మద్యసారము. అనగా మామూలు బీరుతో సమానము. చలికాలము దీనికి అదను. కార్తీకము దాటి మాఘము వచ్చునప్పటి కల్లు పలుచనై తేటగా నుండును. ఎండలు ముదిరిన కొలది రసము తగ్గి, పులుపు త్వరపడును.

రుచి భేదములను గూర్చి మన పెద్దల తగవులు తీరునవి కావు. ఇసుకవంకలోని చెట్టుది తేటయనియు, చౌటినేలది నాలుకకు ఉప్పన తగులుననియు, చెరువు వెనుకటి చెట్టు నీరు త్రాగి కల్లును పలుచన చేయుననియు అందురు. చింతామణి వారు తమదే యందురు; బాగేపల్లివారు చిత్రావతి యొడ్డుదానికి సాటిలేదందురు. చిక్కబళ్ళాపురమువారు ఈ వాదములో చాలకాలముగా మాటాడుట మానిరి. వారికి ద్రాక్షతోటలు వచ్చినవి. ఎవరి మాట నిజమో తేల్చుటకు ఇప్పుడు సాక్ష్యము లేదు గనుక మేమును తీర్పు చెప్పజాలము. కాని తగవు ఉన్నదనుటయే ముఖ్యము. వంకకొక రుచి యున్నప్పుడే అట్టి తగవు పుట్టును. సీసాలో నింపి రాష్ట్రమంతట పంచు సరకును గూర్చి మా ఊరిది మేలు మీ ఊరిది కీడని ఎవ్వరును పోట్లాడరు.

తెలుగుదేశమంతయు ఒకసారి కలియజూచిన ఈ భేదము ఇంకను స్పష్టమగును. తెలంగాణమున తాటియు ఈతయు రెండును గలవు. అచ్చట పోతుతాటిది వేరు, పండుతాటిది వేరు, కాలమును బట్టి ఒకదాని వెనుక ఒకటి వచ్చును. కోస్తాలో తాటిదే పెత్తనము. గోదావరి, విశాఖ ఏజెన్సీ కొండలలో జీలుగుచెట్టు కుండలకొలది ఇచ్చును. మలయాళదేశమున కొబ్బరికల్లు, దానితోబాటు కారపు కూరలు. మన సీమది ఈత. ఈతలో ఉన్న పలుచదనము, ఆ కొద్దిపాటి మట్టివాసన, తక్కిన వానియందు లేదని రెండును ఎరిగినవారు చెప్పుదురు. ఇది స్వప్రాంతాభిమానమే కావచ్చును. దానిని మేము దాచము.

కల్లు నిలువయుండదు గనుకనే ప్రయాణము చేయదు. ప్రయాణము చేయదు గనుకనే దానికి ఊరు అంటుకొనియుండును. బెల్జియమున బ్రస్సెల్స్ నగరపు ప్రక్కన సెన్నె అను ఏటిలోయ కలదు. అచ్చట గాలిలోని సూక్ష్మజీవులతోనే పులియు ఒక పుల్లని బీరును లాంబిక్ అందురు; ఆ లోయ దాటిన ఆ రుచి రాదని వారి నమ్మకము. ఆ దేశపు బీరు సంస్కృతిని 2016లో యునెస్కోవారు మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చిరి. దూరమేల, గోవావారి జీడిమామిడి ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు లభించెను. అస్సాములోని డిమాసాలు బియ్యముతో చేయు జూడిమాకు 2021లో లభించెను. తూర్పు హిమాలయములలో మన రాగులనే పులియబెట్టి, వెదురు పాత్రలో వేడినీరు పోసి, గొట్టముతో పీల్చు తోంగ్బాను ఆ ప్రాంతమువారు అతిథికి గౌరవముగా అందింతురు. ఈ జాబితాలో ఈతకల్లు లేదు. దానిపేరు పలుకునది పోలీసు దస్త్రములలో మాత్రమే.

అది అచ్చటికి ఎట్లు చేరెను? ఇక్కడ కొంచెము వెనుకకు పోవలెను. 1938లో రాజాజీగారి మద్రాసు ప్రభుత్వము చిత్తూరు, కడప జిల్లాలలో మద్యనిషేధము పెట్టినప్పుడు, మైసూరు సంస్థానమునకు చెందిన మన సీమ ఎల్లకు ఈవల నుండెను. మదనపల్లె వైపు వారికి చింతామణి అంగళ్లు ఎట్టి చుట్టములయ్యెనో ఊహించుట కష్టము కాదు. నేడు ఆ నడక తిరుగబడినది. కర్ణాటకమున 2004లో ఈతకల్లు గీత నిషేధింపబడెను. 2007 జూలై 1వ తేదీ నుండి సారాయియు నిషేధమయ్యెను. ఎల్లకు ఆవల ఆంధ్రమున గీత కార్మికుల సహకార సంఘములు ఉన్నవి, చెట్టు గీయువానికే లైసెన్సు ఇచ్చు పద్ధతి ఉన్నది. కావున బాగేపల్లి దాటి కొడికొండ చెక్‌పోస్టు ఆవలికి పోయినచో అదే చిత్రావతి నీరు త్రాగిన అదే జాతి ఈతచెట్టు చట్టబద్ధమగును.

ఇది రెండు రాష్ట్రముల నడుమ భేదమని సరిపెట్టుకొందమన్నను కుదరదు. ఒక్క రాష్ట్రములోనే రెండు న్యాయములున్నవి. దక్షిణ కన్నడ, ఉడుపి జిల్లాలలో కొబ్బరికల్లునకు అనుమతి కలదు. మన ఈతకు లేదు. ఇంకొకటి వినుడు. సారాయి నిషేధింపబడిన ఆ 2007లోనే ద్రాక్షసారా పరిశ్రమను పెంచుటకై రాష్ట్రమున ప్రత్యేక విధానము ప్రకటింపబడెను. మన చిక్కబళ్ళాపురము కోలారునుండి విడివడి జిల్లా యైనదియు ఆ సంవత్సరమే. నందికొండ దిగువన పండు ద్రాక్షకు సబ్సిడీయు, సందర్శకులును, రుచి చూచు గదులును. అదే కొండనుండి దిగిన వంకలోని ఈతకు కేసు. బెంగళూరున బార్లీ పులిసిన పరిశ్రమ, మన పల్లెలో ఈత పులిసిన నేరము. ద్రాక్షమీద మాకు కోపము లేదు. మన రైతులే దానిని పండించుచున్నారు. కొలతబద్ద ఒక్కటిగా నుండవలెననియే మా మాట.

నిషేధమునకు కారణము లేకపోలేదు. ఆనాటి అంగళ్లలో కల్లు పేరిట అమ్మినది చాలవరకు కల్లు కాదు. నీటిలో క్లోరల్ హైడ్రేటు, చక్కెరపాకము కలిపినది. పాటదారు పెద్ద మొత్తమునకు పాట పాడి, చెట్లు ఈయగలిగినదానికి ఎన్నోరెట్లు అమ్మవలసివచ్చినప్పుడు మరియేమి జరుగును? దానిని త్రాగి చెడిన ఇండ్లు మన వీధులలోనే ఉన్నవి. ఆ ఇండ్ల ఆడవారు నిషేధమును చూచి చేతులెత్తి మ్రొక్కిరనుట సత్యము. వారి మాటను త్రోసిపుచ్చు హక్కు మాకు లేదు. ఇప్పటికిని ఆ భయము నిరాధారము కాదు. హైదరాబాదున 2004లో మూసిన కల్లు అంగళ్లను 2014లో తెరచిరి. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి, ఎందరో ఆసుపత్రుల పాలైరి. కల్లు తెరచినచో అంతయు బాగగునని చెప్పువారిని మేము నమ్మము.

అయితే నిషేధము తరువాత ఆ ఇండ్లలో ఏమి జరిగినదో గూడ చూడవలెను. కూలివాడు త్రాగుట మానెనా? మానలేదు. నూటికి 5 పాళ్ల సారము గల కల్లు పోయి, నూటికి 42.8 పాళ్లు గల చౌక విస్కీ చేతికి వచ్చినది. అది చిన్న అట్టపెట్టెలలో 90 మిల్లీలీటర్ల చొప్పున, ప్రభుత్వ లైసెన్సుతో, వెలుగుచున్న దుకాణములలో దొరకుచున్నది. ఖాళీ పెట్టెలు వంకలో తేలుచున్నవి. పలుచనిది నేరమై, చిక్కనిది ఖజానాకు రాబడియైన ఈ ఏర్పాటు త్రాగుడును తగ్గించుటకై చేసినదని చెప్పుట కష్టము. ఆ ఆడవారి కష్టము తీరలేదు, సీసా మారినది.

కల్తీని పట్టుటకు గొప్ప ప్రయోగశాలలు అక్కరలేదు, కూడికలు వచ్చిన గుమాస్తా చాలును. ఒక ఈతచెట్టు ఒక రాత్రికి ఇచ్చునది కొద్ది లీటర్లే. గీసిన కొన్నాళ్లకు దానికి విశ్రాంతి ఈయవలెను. చెట్లకు సంఖ్యలు వేసి, ఒక్కొక్క గీతకానికి ఇన్ని చెట్లని వ్రాసి, ఆ ఊరి పొలిమేరలోనే ఆ దినమే అమ్మవలెనని కట్టడిచేసినచో, చెట్ల లెక్కకు మించి అమ్ముడైన ప్రతి లీటరు కల్తీయని తెల్లమగును. చెడుపు అంతయు పాటదారువలన, దూరపు రవాణావలన వచ్చినది, చెట్టువలన రాలేదు. అనుమతి ఇచ్చినచో పాటదారునకు గాక గీయువాని పేర ఈయవలెననుటకు ఇంతకంటె కారణము వలదు. మొదట నీరాతోను, ఈతబెల్లముతోను ఆరంభించినను మాకు సమ్మతమే. గాంధీమహాత్ముడు కల్లునకు శత్రువైనను తాటిబెల్లమునకు మిత్రుడు. తెలంగాణ ప్రభుత్వము 2023లో హుస్సేన్‌సాగరము గట్టున నీరా కేంద్రము తెరచినది. మన జిల్లాలో అట్టిది ఒక్కటియు మా కంట పడలేదు.

కన్నడనాట ఈడిగ సమాజమువారు 2023 ఆరంభమున మంగళూరునుండి బెంగళూరునకు పాదయాత్ర చేసిరి. గీతవృత్తిని మరల అనుమతింపవలెననుట వారి కోరికలలో ఒకటి. మన సీమలోని ఈడిగ కుటుంబములలో పెక్కింటి ఇంటిభాష తెలుగు. వారి మొరను మన సంఘము ఇంతవరకు తన అర్జీలలో ఒక్క పంక్తిగానైనను చేర్చలేదు. పాఠశాలలో తెలుగు తరగతి, కచేరిలో తెలుగు దరఖాస్తు, ఇవియే మనకు భాషయైనవి. భాష బడిలో మాత్రమే ఉండునను ఈ భ్రమను మేమును పంచుకొన్నవారమే గనుక ఈ దోషము మాదిగూడ.

మోకు, ముస్తాదు, లొట్టి, ముంత, మొవ్వ, గాటు, కల్లంగడి: ఈ మాటలలో ఎన్నింటిని మన ఇండ్లలోని పదునెనిమిదేండ్ల పిల్లలు ఎరుగుదురు? మోకు చెట్టెక్కు త్రాడనియు, ముస్తాదు నడుమునకు కట్టు సామగ్రియనియు, లొట్టి చెట్టున కట్టు కుండయనియు చెప్పవలసివచ్చుచున్నది. కల్లు మొదటి దినపు తీపికి ఒక పేరు, ఎండకు మారినదానికి ఒక పేరు, కుండ అడుగున మిగులు మడ్డికి ఒక పేరు ఉండెడివి. గీయువాడు లేనప్పుడు ఆ పేర్లు నిఘంటువులో ఉన్నను బ్రదికియున్నట్లు కాదు. కన్నడ సోదరుల 'ఈచలు', 'హెండ' అను మాటలకును ఇదే గతి పట్టుచున్నది. ఇందు భాషాకలహమునకు తావులేదు; ఒకే చెట్టు మీద రెండు భాషలును గూడుకట్టుకొనియుండెను.

కావున రాబోవు సర్వసభ్య సమావేశమున రెండు విషయములు చర్చకు పెట్టవలెనని మేము కోరుచున్నాము. జిల్లాధికారులకు సమర్పించు అర్జీలో ఈతగీతకును నీరాకును అనుమతి యను కోరికను చేర్చుట ఒకటి. మూడు తాలూకాలలో మిగిలిన వృద్ధ గీతకాండ్ర యొద్దకు మన యువకులు కాగితము, కలము, వీలైనచో చేతిఫోనును పట్టుకొనిపోయి వారి మాటలను వ్రాసికొని వచ్చుట రెండవది. మొదటిదానికి ఒప్పుకొనని సభ్యులు రెండవదానికైనను అడ్డురారని ఆశించుచున్నాము. ఆ వృద్ధులలో చిన్నవారికే ఇప్పుడు అరువదియేండ్లు పైబడినవి.

చెట్లకు గూడ కాలము మించుచున్నది. గీత నిలిచినది మొదలు ఈతవనముపై ఎవరికిని ఆసక్తి లేదు. పొరకలకును చాపలకును మట్టలు కోసికొనువారు తప్ప దానిని అడుగువాడు లేడు. వంకలలో ఇసుక తోడినచోట వ్రేళ్లు బయటపడి చెట్లు ఒరిగినవి. గట్టుపై నీలగిరి చెట్లు పెరిగినవి. రహదారి ప్రక్కన ఇండ్లస్థలముల రాళ్లు పాతిరి. విచిత్రమేమనగా, బెంగళూరువారు వాడి విడిచిన నీరు శుద్ధియై హెచ్.ఎన్. వ్యాలీ పథకమున మన చెరువులకు వచ్చుచున్నది. ఎండిన చెరువు వెనుక బ్రదికిన ఈతచెట్లు మరల పచ్చబడుచున్నవి. ఆ నీటితో పెరిగిన చెట్టు కల్లు ఏ రుచినిచ్చునో చెప్పగలవాడు ఎవడును లేడు.

గడచిన మాఘమాసమున బాగేపల్లికి అవతల వంకయొడ్డున నిలిచియున్న ఒక ముదురు ఈతచెట్టు చెంత మేము కొంతసేపు ఆగితిమి. గాట్లను లెక్కించితిమి. కుడియెడమలుగా కలిసి 23 ఉన్నవి. కడపటి గాటునకు పైన, మొవ్వ వరకు, మనిషి నిలువునకు మించిన పొడవున మాను ఏ వంకరయు లేక నిటారుగా పెరిగియున్నది.